థైమస్ ఏరివేత: మన రక్షణ కణాలు మనల్నే ఎందుకు కొట్టవు?

అనంతపురం నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. తొమ్మిదేళ్ల కూతురికి ఈమధ్యే టైప్-1 మధుమేహం అని తేలింది. "ఒంట్లోని రక్షణ కణాలే పొరబడి ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేశాయి" అని వైద్యులు చెప్పారు. అంతకుముందు చంటి కొడుకుకు దగ్గు వచ్చి ఛాతీ ఎక్స్‌రే తీస్తే గుండె పైన పెద్ద నీడ కనబడింది. అది థైమస్ గ్రంథి అని, రక్షణ కణాలు అక్కడే తయారవుతాయని, పెద్దయ్యే కొద్దీ అది కరిగిపోతుందని చెప్పి పంపారట. ఈ రెండూ కలిపి ఆమె అడుగుతున్నారు: ఏది తనదో, ఏది పరాయిదో రక్షణ కణాలకు ఎవరు చెబుతారు? పాపకు ఆ గ్రంథి త్వరగా కరిగిపోయిందా? మా పెంపకంలో లోపమా? వ్యాధి నిరోధక శక్తి పెంచే మందులు వాడితే నయమవుతుందా?

అమ్మా, ముందు రెండు మాటలు సూటిగా చెబుతాను, మిగతాది తీరిగ్గా చదవండి. ఈ జబ్బు మీరు పెట్టిన తిండి వల్లో, పెట్టని తిండి వల్లో, వేయించిన టీకాల వల్లో రాలేదు. రెండోది, ఆకుపసరు గురించి, పొడుల గురించి ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా ఇన్సులిన్ ఒక్క పూట కూడా ఆపకండి. టైప్-1లో ఇన్సులిన్ ఆగితే రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రవాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఈ జబ్బు వచ్చిన పిల్లలను ఎక్కువ కాలం బతికించుకోవడం ఎవరి వల్లా కాలేదు.

ఇక మీ అసలు ప్రశ్న. నేను కర్నూలులో వైద్య విద్యార్థులకు పాథాలజీ చెబుతూ ఉద్యోగ జీవితం గడిపినవాణ్ని. ఒంట్లో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించే అవయవం ఏదని అడిగితే గుండె అనో మెదడు అనో చెప్పను, థైమస్ అంటాను. మన చదువుల్లో దానికి దక్కే చోటు చాలా తక్కువ. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం చాలావరకు అందులోనే ఉంది.

రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన, రెండు తమ్మెలుగా ఉండే మెత్తని గ్రంథి ఇది. పుట్టినప్పుడు 10 నుంచి 15 గ్రాములు. యౌవనం వచ్చేసరికి 30 నుంచి 40 గ్రాములు. ఆ తర్వాత పనిచేసే కణజాలం తగ్గుతూ దాని చోట కొవ్వు చేరుతుంది. పసిబిడ్డ ఛాతీ చిన్నది, గ్రంథి దానితో పోలిస్తే పెద్దది, అందుకే ఎక్స్‌రేలో అంత నీడ. ఎక్కువగా కుడివైపు త్రికోణంగా కనబడే ఆ నీడను ఎక్స్‌రే చదివేవాళ్లు తెరచాప గుర్తు అంటారు. రెండు మూడేళ్లు దాటాక మామూలు ఎక్స్‌రేలో కనబడడం మానేస్తుంది. కాబట్టి మీ బాబుకు కనబడిన నీడ ఆరోగ్యానికి గుర్తు. కరువు ప్రాంతంలో పనిచేసినవాళ్లకు దీనికి వ్యతిరేకమైన దృశ్యం బాగా తెలుసు: తిండి లేక ఎండిపోయిన పిల్లల్లో, పెద్ద జబ్బుతో తీసుకున్న పిల్లల్లో థైమస్ కుంచించుకుపోతుంది. తిండి దొరికి కోలుకుంటే మళ్లీ పెరుగుతుంది.

ఈ కుంచించుకుపోయే గుణాన్ని అర్థం చేసుకోకపోవడం వల్ల వైద్య చరిత్రలో ఒక ఘోరం జరిగింది. పాత రోజుల్లో యూరప్, అమెరికాల్లో శరీరశాస్త్రం నేర్చుకోవడానికి దొరికే శవాలు ఎక్కువగా నిరుపేదలవి, దీర్ఘ రోగాలతో కృశించి పోయినవాళ్లవి. వాళ్లలో థైమస్ చిన్నగా ఉండేది. అదే మామూలు పరిమాణం అనుకున్నారు. హఠాత్తుగా చనిపోయిన ఆరోగ్యవంతులైన పసిపిల్లలను పరీక్షిస్తే థైమస్ పెద్దగా కనబడేది. అది గాలిగొట్టాన్ని నొక్కి చంపిందని తేల్చేశారు, దానికి ఒక జబ్బు పేరు కూడా పెట్టారు. 20వ శతాబ్దం మొదటి సగంలో వేలాది పసిపిల్లల మెడకూ ఛాతీకీ రేడియేషన్ ఇచ్చి ఏ దోషమూ లేని ఆ గ్రంథిని కరిగించారు. అలా చికిత్స పొందిన పిల్లల్లో కొందరికి థైరాయిడ్ క్యాన్సర్ వస్తోందని 1950లో వైద్యులు గుర్తించారు. పేదవాడి ఒంటిమీద కరువు రాసిన రాతను ప్రకృతి రాసిన కొలతగా చదివినందుకు పసిపిల్లలు చెల్లించిన మూల్యం అది. ఈ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అసలు ఈ గ్రంథి ఎందుకుందో 1961 దాకా ఎవరికీ తెలియదు. లండన్‌లో ఎలుకల రక్త క్యాన్సర్ మీద పనిచేస్తున్న జాక్ మిల్లర్ అనే యువ శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల థైమస్ తీసేసి చూశారు. అంతకుముందు పెద్ద ఎలుకల్లో తీసినవాళ్లకు తేడా ఏమీ కనబడలేదు. పిల్లల్లో తీస్తే మాత్రం అవి చిక్కిపోయి, అంటురోగాలతో చనిపోయాయి. వాటి రక్తంలో లింఫోసైట్లనే తెల్లకణాలు బాగా తగ్గిపోయాయి. వేరే జాతి ఎలుక చర్మం అతికించినా వాటి ఒళ్లు కాదనలేదు. అంటే తన, పర అని తేడా పట్టించుకునే కణాలు ఈ గ్రంథిలోనే సిద్ధమవుతున్నాయన్నమాట. అవి థైమస్‌లో సిద్ధమవుతాయి కనుకనే వాటికి టి-కణాలని పేరొచ్చింది. మిల్లర్‌కు 2019లో మాక్స్ కూపర్ అనే మరో శాస్త్రవేత్తతో కలిపి, వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ పురస్కారం ఇచ్చారు.

ఇప్పుడు అసలు చిక్కు. ప్రపంచంలో ఎన్ని రకాల సూక్ష్మజీవులున్నాయో, రేపు ఏ కొత్తది పుడుతుందో ఎవరికీ తెలియదు. రక్షణ కణం తన ఉపరితలం మీద ఉంచుకుని ఎదుటిదాన్ని పట్టుకునే ప్రొటీన్‌ను గ్రాహకం అంటారు; అన్నిటినీ గుర్తుపట్టే గ్రాహకాల పట్టికను జన్యువుల్లో ముందే రాసి పెట్టుకోవడం అసాధ్యం. మనకున్న ప్రొటీన్ జన్యువులే మొత్తం ఇరవై వేల చిల్లర. అందుకని ప్రతి టి-కణమూ తాను పెరిగే దశలో తన గ్రాహక జన్యువును తానే ముక్కలు కోసి, అడ్డదిడ్డంగా కలిపి, అతుకుల దగ్గర కొన్ని అక్షరాలు చేర్చి, కొన్ని తీసేసి, ఇంతకుముందెప్పుడూ లేని ఒక గ్రాహకాన్ని తయారుచేసుకుంటుంది. ఆ కోత పనిని రాగ్ అనే పేరున్న రెండు ఎంజైములు చేస్తాయి. ఈ పద్ధతిలో సిద్ధాంతరీత్యా పుట్టగల గ్రాహకాల సంఖ్య పది కోట్ల కోట్లకు తక్కువ ఉండదు. కొత్త వైరస్ వచ్చినా దాన్ని పట్టుకోగల కణం ఒంట్లో ఎక్కడో ఒకటి ముందే ఉండడానికి కారణం ఇదే.

కానీ గుడ్డిగా కలిపితే వచ్చేవాటిలో మన ఇన్సులిన్‌ను పట్టుకునే గ్రాహకమూ వస్తుంది, మన థైరాయిడ్‌ను పట్టుకునేదీ వస్తుంది. మీ ఒంట్లోనూ నా ఒంట్లోనూ అలాంటి కణాలు రోజూ పుడుతున్నాయి. జబ్బు లేనివాళ్లలోనూ పుడుతున్నాయి. అందుకే "పొరబడి" అన్న మాట దగ్గర నేను కాస్త ఆగుతాను. ఏ కణమూ పొరబడదు. తన గ్రాహకానికి ఏది అతికితే దాని మీద పడుతుంది, అంతే. పరాయిదేదో తనదేదో దానికి ఎవరూ చెప్పరు. తనదానిని పట్టుకునే కణాలను బయటికి వదలక ముందే చంపేయడం శరీరం చేసే ముఖ్యమైన పని. ఆ ఏరివేత జరిగే చోటు థైమస్.

గర్భంలో ఆ చోటు ఎలా తయారవుతుందో చెప్పాలి, ఎందుకంటే అక్కడ లోపం వస్తే ఏమవుతుందో చూసే మనం చాలా నేర్చుకున్నాం. ఆరో వారం ప్రాంతంలో పిండం గొంతు భాగంలో సంచుల్లాంటి మడతలు పడతాయి. ఇరువైపులా మూడో మడత నుంచి థైమస్ మొలకెత్తుతుంది. దాని పక్కనే క్యాల్షియంను అదుపుచేసే పారాథైరాయిడ్ గ్రంథులు కూడా మొలుస్తాయి. తర్వాత రెండు వైపుల థైమస్ మొలకలూ కిందికి దిగి ఛాతీలో కలుసుకుంటాయి. ఫాక్స్-ఎన్1 అనే జన్యువు పనిచేస్తేనే ఆ మొలక థైమస్‌గా మారుతుంది. ఆ జన్యువు చెడిన ఎలుకలకు థైమస్ ఉండదు, వెంట్రుకలూ ఉండవు. కాలేయంలో, ఆ తర్వాత ఎముక మజ్జలో పుట్టిన మూలకణాలు రక్తంలో ప్రయాణించి ఇక్కడికి చేరతాయి. నాలుగో నెల వచ్చేసరికి సిద్ధమైన టి-కణాలు బయటికి వెళ్లడం మొదలవుతుంది. అంటే బిడ్డ లోకాన్ని చూడక ముందే, ఒక్క సూక్ష్మజీవి ఎదురుపడక ముందే, ఏరివేత సగం దారిలో ఉంటుంది.

22వ క్రోమోజోమ్‌లో ఒక చిన్న భాగం లేకపోతే ఈ మొలకలు సరిగా రావు. 1965లో ఏంజెలో డిజార్జ్ అనే వైద్యుడు ఇలాంటి పిల్లలను వర్ణించారు. అలాంటి పిల్లల్లో చాలామందికి గుండెలో లోపం, పుట్టిన కొన్నాళ్లకే క్యాల్షియం పడిపోయి ఫిట్స్, టి-కణాల కొరత ఉంటాయి. ఒకే చోట మొలిచేవి కనుక ఒకేసారి దెబ్బతింటాయి. గుండె లోపంతో పుట్టిన బిడ్డకు క్యాల్షియం తక్కువని తేలితే, అలాంటి కేసుల్లో థైమస్ నీడ ఉందా లేదా అని ఎక్స్‌రే మళ్లీ చూడమని మా విద్యార్థులకు గట్టిగా చెప్పేవాళ్లం. థైమస్ బొత్తిగా లేకుండా పుట్టే పిల్లలు చాలా అరుదు. వాళ్ల కోసం ప్రయోగశాలలో పెంచిన థైమస్ కణజాలాన్ని తొడ కండరంలో అమర్చే చికిత్సకు 2021లో అమెరికాలో అనుమతి దొరికింది.

ఇక ఏరివేత ఎలా జరుగుతుందో స్లైడు మీద చూపిస్తాను. పసిబిడ్డ థైమస్ నుంచి తీసిన పలుచని పొరకు ఊదా, గులాబీ రంగులు ఎక్కించి సూక్ష్మదర్శిని కింద పెడితే ప్రతి తమ్మె అంచూ ముదురు ఊదాగా, నడిభాగం లేతగా కనబడుతుంది. అంచున అంత ముదురు ఎందుకంటే అక్కడ లేత టి-కణాలు సందు లేకుండా కిక్కిరిసి ఉంటాయి. కటకం మార్చి ఆ ముదురు భాగంలోకి వెళ్లండి. అక్కడక్కడ చిన్న తెల్లని ఖాళీలు. ఒక్కో ఖాళీలో ఒక పెద్ద భక్షక కణం, దాని లోపల నల్లని తునకలు. ఆ తునకలు చచ్చిపోయిన టి-కణాల కేంద్రకాలు. కొత్త విద్యార్థులు ఆ ఖాళీలు స్లైడు తయారీలో వచ్చిన లోపం అనుకుంటారు. ఆ గ్రంథి చేసే పనికి సాక్ష్యం అదే. ఇక్కడ పుట్టిన టి-కణాల్లో నూటికి 95కు పైగా బయటి లోకం చూడకుండానే ఇక్కడే చనిపోతాయి. వాటి శవాలను అప్పటికప్పుడే భక్షక కణాలు మింగేస్తాయి కాబట్టి వాపు ఉండదు, జ్వరం ఉండదు, బిడ్డ హాయిగా పాలు తాగుతూ ఉంటుంది.

వాటిలో ఎక్కువ భాగం చచ్చిపోయేది పనికిరానివి కావడం వల్ల. మన కణాలు తమ లోపల తయారయ్యే ప్రొటీన్లను తుంచి, ఎనిమిది నుంచి పదకొండు అమైనో ఆమ్లాల పొడవున్న ముక్కలను ఎచ్‌ఎల్‌ఏ అనే అణువులకు తగిలించి తమ ఉపరితలం మీద చూపుతూ ఉంటాయి. పొడవైన ముక్కలను చూపడానికి వేరే రకం ఎచ్‌ఎల్‌ఏ అణువులున్నాయి. టి-కణం చూడగలిగేది ఆ అణువు, దానికి తగిలిన ముక్క, రెండూ కలిసిన రూపాన్నే. అంచు భాగంలోని థైమస్ కణాలు చూపించే ఆ అణువులను ఏమాత్రం పట్టుకోలేని గ్రాహకం ఉన్న టి-కణానికి బతకమనే సంకేతం అందదు. మూడు నాలుగు రోజుల్లో తనంతట తాను ఆరిపోతుంది. కొద్దిపాటిగా పట్టుకోగలిగినది బతికి నడిభాగంలోకి ప్రయాణిస్తుంది.

నడిభాగంలో జరిగేది దీనికి పూర్తిగా తిరగబడిన పరీక్ష. అక్కడ గట్టిగా పట్టుకున్న కణం చావాలి. కల్యాణదుర్గం వైపు గొర్రెల కాపరులు కుక్కపిల్లను కళ్లు తెరిచీ తెరవక ముందే గొర్రెపిల్లల మధ్య వదిలి పెంచుతారు. గొర్రెను కరిచే గుణం కనబడితే దాన్ని మందతో పంపరు. మిగిలినది పెద్దయ్యాక తోడేలు మీద పడుతుంది గానీ గొర్రె జోలికి పోదు. థైమస్‌లో తేడా ఏమిటంటే, కుక్కపిల్ల నేర్చుకుంటుంది, టి-కణం నేర్చుకోదు. థైమస్ టి-కణాలకు బడి అని పుస్తకాల్లో రాస్తారు, నాకు ఆ మాట నచ్చదు. ఒక్క కణానికీ ఒక్క పాఠమూ చెప్పరు. పుట్టుకతో వచ్చిన గ్రాహకం చివరిదాకా అదే. దాన్ని బట్టి బతుకో చావో తేలుతుంది.

సరే, కానీ ఇన్సులిన్ తయారయ్యేది క్లోమంలో. థైరాయిడ్ ప్రొటీన్లు ఉండేది మెడలో. లాలాజలపు ప్రొటీన్ నోట్లో. ఛాతీలో మూలనున్న ఈ గ్రంథిలో ఉన్న టి-కణానికి అవన్నీ ఎలా ఎదురుపడతాయి? శాస్త్రవేత్తలను కూడా చాలాకాలం వేధించిన ప్రశ్న ఇది. అవయవాల ప్రొటీన్ల కోసం ఏరివేత ఒంట్లో మరెక్కడో జరుగుతుందేమో అనుకున్నవాళ్లూ ఉన్నారు. జవాబు ఊహకు కూడా అందనిది: నడిభాగంలోని థైమస్ కణాలు ఆ ప్రొటీన్లన్నిటినీ తామే తయారుచేస్తాయి. మామూలుగా క్లోమం తప్ప మరెక్కడా తయారు కాని ఇన్సులిన్‌ను, కన్ను తప్ప మరెక్కడా అక్కర్లేని ప్రొటీన్లను, కొద్ది కొద్దిగా, వాడుకోవడానికి కాకుండా చూపించడానికి మాత్రమే తయారుచేస్తాయి. ఒక్కో కణం కొన్నిటినే చేస్తుంది. అన్నీ కలిస్తే మన జన్యువుల్లో నూటికి 80కి పైగా ఏదో ఒక కణంలో పనిచేస్తాయి. టి-కణం ఆ కణాల మధ్య రోజుల తరబడి తిరుగుతూ ఒకదాని తర్వాత ఒకటి తడుముతుంది. ఎక్కడైనా గట్టిగా అతుక్కుంటే దాని కథ అక్కడితో ముగుస్తుంది. కండర కణంలా, పేగు కణంలా, చర్మ కణంలా వేషం కట్టిన థైమస్ కణాలు కూడా అక్కడ ఉన్నాయని 2022లో బోస్టన్ పరిశోధకులు వివరంగా చూపించారు.

దీన్ని నడిపే ప్రధానమైన జన్యువు పేరు ఎయిర్. 21వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. 1997లో దాన్ని కనిపెట్టింది థైమస్ కోసం వెతుకుతున్నవాళ్లు కాదు, ఒక అరుదైన కుటుంబ వ్యాధి మూలం కోసం వెతుకుతున్నవాళ్లు. ఆ వ్యాధి ఫిన్లాండ్‌లో సుమారు పాతిక వేల మందిలో ఒకరికి ఉంటుంది. పిల్లవాడికి ముందు నోట్లో, గోళ్లలో తగ్గని బూజు ఇన్ఫెక్షన్, తర్వాత పారాథైరాయిడ్ దెబ్బతిని క్యాల్షియం పడిపోవడం, ఆ తర్వాత మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథి నాశనం. కొందరిలో మధుమేహం, థైరాయిడ్, బట్టతల కూడా. ఒకే ఒక్క జన్యువు చెడితే ఇన్ని అవయవాల మీద దాడి ఎందుకని అందరూ తల పట్టుకున్నారు. 2002లో డయాన్ మాథిస్, క్రిస్టోఫ్ బెన్వా బృందం ఎలుకల్లో ఎయిర్‌ను తీసేసి చూస్తే గుట్టు తేలింది. థైమస్ నడిభాగంలో ఇతర అవయవాల ప్రొటీన్ల తయారీ పడిపోయింది, ఎలుక అవయవాల మీద దాని సొంత కణాలే దండెత్తాయి. థైమస్‌లో చూపించకపోతే ఏరివేత లేదు, ఏరివేత లేకపోతే దాడి తప్పదు అని ఇంత స్పష్టంగా చెప్పిన ప్రయోగం ఈ రంగంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ పాప సంగతికి వస్తాను. ఆమెకు ఎయిర్ లోపం ఉందని నేను అనడం లేదు. మామూలు టైప్-1లో అంత పెద్ద లోపం ఉండదు. కానీ థైమస్‌లో ఇన్సులిన్ ఎంత తయారవుతుందన్నది మనిషి మనిషికీ కొద్దిగా మారుతుంది. 11వ క్రోమోజోమ్ మీద ఇన్సులిన్ జన్యువు ముందు, ఒకే వరుస మళ్లీ మళ్లీ వచ్చే ఒక భాగం ఉంది. అది కొందరిలో పొట్టిగా, కొందరిలో పొడుగ్గా ఉంటుంది. పొడుగు రకం ఉన్నవాళ్ల థైమస్‌లో ఇన్సులిన్ రెండు మూడు రెట్లు ఎక్కువ తయారవుతుందని 1997లో రెండు బృందాలు చూపించాయి. వాళ్లకు టైప్-1 వచ్చే అవకాశం తక్కువ. పొట్టి రకం ఉంటే ఇన్సులిన్‌ను పట్టుకునే కణాలు ఏరివేతలో కొంచెం ఎక్కువగా తప్పించుకుంటాయి. దీనికంటే కూడా బలమైన ప్రభావం ఎచ్‌ఎల్‌ఏ రకాలది. డీఆర్3, డీఆర్4 అనే రకాలు ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. ఈ రెంటినీ మీరు ఎంచుకుని ఇవ్వలేదు, మార్చగలిగేవారూ కాదు. ఇవి ఉన్నవాళ్లలో చాలామందికి జబ్బు రానేరాదు. ఒకే పోలిక కవలల్లో ఒకరికి వచ్చినా రెండోవారికి రాకుండా ఉన్న సందర్భాలు ఎన్నో. జన్యువులు కొంత, పుట్టిన తర్వాత ఏదో ఒక ప్రేరణ కొంత, గ్రాహకాల గుడ్డి కలయికలో అదృష్టం కొంత. తల్లి చేతి వంటకు ఇందులో పాత్ర లేదు. మీరు మిమ్మల్ని నిందించుకోవడం చూస్తే బాధగా ఉంది, దయచేసి మానేయండి.

ఏరివేత ఎంత బాగా జరిగినా కొన్ని తప్పించుకుంటాయని అన్నాను. ఆరోగ్యవంతుల రక్తంలో కూడా సొంత ప్రొటీన్లను పట్టుకోగల టి-కణాలు దొరుకుతాయి. మరి వాళ్లెందుకు క్షేమంగా ఉన్నారు? దీనికి జవాబు కూడా థైమస్ దగ్గరికే తీసుకెళ్తుంది. 1969లో నిషిజుకా, సకాకురా అనే జపాన్ శాస్త్రవేత్తలు పుట్టిన మూడో రోజున ఎలుక పిల్లల థైమస్ తీసేశారు. మిల్లర్ ఎలుకల్లా అవి అంటురోగాలతో పోలేదు. వాటి అండాశయాలు నాశనమయ్యాయి. వారం దాటాక తీస్తే అలా జరగలేదు. మొదటి రోజుల్లో దాడి చేసే కణాలు బయటికి వచ్చేశాయి, వాటిని అదుపులో పెట్టేవి మాత్రం కాస్త ఆలస్యంగా వస్తాయి. ఈ రెంటి నడుమ గ్రంథిని తీస్తే అదుపు లేని దాడి మిగులుతుంది. షిమోన్ సకగుచి ఈ దారిలోనే ఏళ్ల తరబడి వెతికి 1995లో ఆ అదుపు కణాలను గుర్తించారు. అప్పటికి ఈ ఆలోచనను చాలామంది వదిలేశారు, ఆయన వదల్లేదు. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ బృందం పుట్టుకతోనే చర్మం పొలుసులుగా మారి చనిపోయే ఒక ఎలుక జాతిలో చెడిన జన్యువును కనిపెట్టింది. దాని పేరు ఫాక్స్-పి3. అదుపు కణాలను తయారుచేసే జన్యువు అదేనని తర్వాత తేలింది. ఈ ముగ్గురికీ 2025లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ జన్యువు చెడి పుట్టిన మగపిల్లలకు విరేచనాలు, చర్మంపై ఎర్రని దద్దుర్లు, వాటితో పాటు కొన్ని వారాల వయసులోనే టైప్-1 మధుమేహం వస్తాయి. దాడి చేసే కణాలు అందరిలోనూ ఎదురుచూస్తూనే ఉంటాయని, మనల్ని రోజూ కాపాడుతున్నది అదుపేనని వాళ్ల జబ్బు చెబుతుంది. థైమస్‌లో సొంత ప్రొటీన్‌ను ఓ మోస్తరు గట్టిగా పట్టుకున్న కణాల్లో కొన్నిటిని చంపకుండా ఇలా అదుపు కణాలుగా మలుస్తారు. ఏరివేత, అదుపు రెండూ అదే నడిభాగంలో జరిగే పనులు.

పాపకు థైమస్ త్వరగా కరిగిపోయిందేమో అన్న మీ అనుమానం తీసేయండి. తొమ్మిదేళ్ల వయసులో అది చక్కగా పనిచేస్తూ ఉంటుంది. తర్వాత తగ్గడం అందరికీ జరిగేదే. అలాగని పెద్దవాళ్లలో అది దండగ అని కూడా అనుకోకూడదు. 2023లో బోస్టన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో, ఏదో కారణంగా థైమస్ తీయించుకున్న పెద్దవాళ్లలో ఐదేళ్లలో 8.1 శాతం మంది, తీయించుకోని అలాంటివాళ్లలో 2.8 శాతం మంది చనిపోయారు. ఆ గ్రంథిలో గడ్డ ఉన్నప్పుడు, మయస్థీనియా అనే కండరాల బలహీనత వ్యాధిలో కొందరికి, దాన్ని తీయాల్సిందే. అవసరం లేకుండా మాత్రం ముట్టుకోకూడదు.

వ్యాధి నిరోధక శక్తి పెంచే మందుల గురించి అడిగారు. మెడికల్ షాపుల్లో, ఫోనుల్లో, ఊళ్లలో ఈ మాట మీద జరుగుతున్న వ్యాపారం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీ పాప జబ్బులో ఆ శక్తి తక్కువ కాలేదు, అదుపు తప్పింది. పొడులతో, కషాయాలతో దాన్ని పెంచగలగడం నిజమే అయితే అది ఇక్కడ చేసేది కీడు. అదృష్టవశాత్తూ ఆ డబ్బాల్లో చాలావాటికి ఆ శక్తీ లేదు, డబ్బు మాత్రం పోతుంది. పరిశోధకులు వెతుకుతున్నది దీనికి ఎదురు దిశలో. టి-కణాలను కొంత నెమ్మదింపజేసే టెప్లిజుమాబ్ అనే మందుకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. జబ్బు బయటపడక ముందు, ముప్పు గుర్తులు కనబడినవాళ్లలో ఇస్తే ఇన్సులిన్ అవసరాన్ని సుమారు రెండేళ్లు వెనక్కి నెడుతుంది. ఇప్పటికే ఇన్సులిన్ మీద ఉన్న మీ పాపకు అది ఉద్దేశించింది కాదు, ఎవరైనా అలా చెప్పి ఆశ పెడితే నమ్మకండి.

చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక అవయవం విషయంలో ఏరివేత నుంచి కణాలు తప్పించుకున్న ఒంట్లో ఇంకో అవయవం విషయంలోనూ తప్పించుకునే అవకాశం ఉంటుంది. అందుకే పాపకు ఇప్పుడొకసారి, తర్వాత అప్పుడప్పుడు థైరాయిడ్ పరీక్ష చేయించండి. గోధుమ పడని సీలియాక్ జబ్బుకు రక్తపరీక్ష కూడా అడగండి. ఎత్తు పెరగడం ఆగినా, బరువు తగ్గినా వెంటనే వైద్యుడికి చెప్పండి. అనంతపురం ఎండల్లో ఇన్సులిన్ సీసా చెడిపోకుండా చూసుకోవాలి. ఫ్రిజ్ లేకపోతే, లేదా కరెంటు పోయే ఊరైతే, సీసాను మూత ఉన్న చిన్న డబ్బాలో పెట్టి తడి మట్టికుండలో నీడన ఉంచండి, గడ్డకట్టే చోట మాత్రం ఉంచకండి.

బాబు విషయం. అక్కకు ఉంటే తమ్ముడికి ముప్పు మామూలు పిల్లల కంటే ఎక్కువే, అయినా ఎక్కువమంది తోబుట్టువులకు ఈ జబ్బు రాదు. క్లోమం మీద దాడి మొదలైందో లేదో చెప్పే యాంటీబాడీ పరీక్షలు పెద్ద నగరాల్లో దొరుకుతాయి. చేయించాలా వద్దా అన్నది మీ పిల్లల వైద్యుడితో మాట్లాడి నిర్ణయించుకోండి, తొందరేమీ లేదు. వాడు ఎప్పుడైనా ఉన్నట్టుండి నీళ్లు ఎక్కువగా తాగుతున్నా, పక్క తడపడం మానేసిన పిల్లవాడు మళ్లీ తడుపుతున్నా, బాగా తింటూనే చిక్కిపోతున్నా ఆ రోజే వేలి చుక్క రక్తంతో షుగర్ చూడండి. ఎక్కువ ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి బయలుదేరండి.